మూడు వైపులా కోత

అట్టల మాస్టారు నలభై ఏళ్ళ పనిలో ఒక్క పుస్తకాన్నే పాడుచేశారు. అదీ అశ్రద్ధవల్ల కాదు. ఆ పుస్తకం మీద చూపించినంత శ్రద్ధ తమ పెళ్ళి ఆల్బం మీద కూడా చూపించలేదని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఆయన బైండింగు కొట్టు ఒక పాత భవనంలో మెట్ల కింద ఉంది. మెట్లకి ఇటువైపు ఆయన, అటువైపు జిరాక్సు. కొట్టు వెనక భాగానికి వెళ్ళాలంటే నడుం వంచాలి. అక్కడ కటింగ్ మిషను ఉంది. పైన చక్రం తిప్పితే పుస్తకం బిగుసుకుంటుంది, పక్క పిడి లాగితే కత్తి దిగుతుంది. మైదా జిగురు గిన్నె, పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం, కాలికో గుడ్డ చుట్టలు, దారపు కండెలు. మూడు వైపులా కొయ్యని పుస్తకం తల దువ్వుకోకుండా పేరంటానికి వచ్చిన మనిషి లాంటిదని ఆయన నమ్మకం.

కొట్టు ముందు దళసరి అట్టముక్క మీద నల్ల సిరాతో ఒక బోర్డు వేలాడుతుంది. "జిరాక్స్ పుస్తకాలు ఇక్కడ బైండ్ చెయ్యబడవు." పక్కనే జిరాక్సు కొట్టున్న చోట ఇలాంటి బోర్డు పెట్టుకోవడం సన్నాయి కచేరీలో చింతపండు నమలడం లాంటిదని అందరూ నవ్వుకున్నారు. దాని వెనక ఒక కథ ఉంది. చాలా ఏళ్ళ కిందట ఒక లెక్కల మాస్టారు పరీక్ష కాగితాలు బైండు చేయించుకుందామని వచ్చారు. బల్ల మీద తాను రాసిన పుస్తకానికే జిరాక్సులు, బైండు చేసి ఆరబెట్టి ఉన్నాయి. ఆయన కోప్పడలేదు. వేలితో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టారు. "ముప్పైనాలుగు. కుట్టు బావుంది," అని వెళ్ళిపోయారు. మర్నాడు బోర్డు లేచింది. ఆ తర్వాత ఎంత పని పోయినా దిగలేదు.

జిరాక్సు అతను మాస్టార్ని "అన్నా" అంటాడు. మాస్టారు అతన్ని "తమ్ముడూ" అంటారు. బోర్డు గురించి తప్ప మిగతా అన్ని విషయాల్లోనూ ఇద్దరికీ స్నేహమే.

మెట్ల కిందికి రాకముందు మాస్టారు కొట్టు అత్తగారింటి ముందు గదిలో ఉండేది. ఆ వీధిలో ముప్పై గుమ్మాలు. రోడ్డు వెడల్పు చెయ్యాలన్నారు. గోడలకి కాగితాలు అంటించారు. కాగితాలంటించిన నలభై రోజులకి వీధి లేదు. మాస్టారు, భార్య, అత్తగారు ఈ భవనంలోనే రెండో అంతస్తులో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. అత్తగారి మోకాళ్ళు మెట్లెక్కినంత సులువుగా దిగడానికి ఒప్పుకోలేదు. పైకి వచ్చినావిడ పైనే ఉండిపోయారు.

మాస్టారి భార్య తపాలా ఆఫీసులో పనిచేస్తుంది. ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి ఇంటికి తెచ్చింది. ఆ నెలలోనే మాస్టారు బజార్లో ఒక కంప్యూటరు ఆట పెట్టె చూశారు. పెట్టె మీద పైనుంచి చూసినట్టు ఒక ఊరి బొమ్మ. వీధులు వేసుకోవచ్చు, ఇళ్ళు కట్టుకోవచ్చు, కొట్లకి పేర్లు రాసుకోవచ్చు అని ఉంది. అదే ఆట దొంగ డిస్కు జిరాక్సు తమ్ముడి దగ్గర పదోవంతు ధరకి దొరుకుతుంది. మాస్టారు పెట్టెతో సహా అసలుదే కొన్నారు.

ఇంటికొచ్చి ముందు మాన్యువల్ తీశారు. తొంభైఆరు పేజీలు. తిరగేసి, మడత దగ్గర వేలు పెట్టి చూసి మొహం చిట్లించారు. "ఇంత ఖరీదు పుచ్చుకుని రెండు పిన్నులు కొట్టి వదిలేశారే, వీళ్ళ చేతులు పడ!"

ఆ ఆటలో ఆయన కట్టింది ఒక్కటే ఊరు, ఆ ఊళ్ళో కట్టింది ముఖ్యంగా ఒక్కటే వీధి. పోయిన వీధి. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అత్తగారు కుర్చీ లాక్కుని వెనక కూర్చునేవారు.

"టైలరు గుమ్మం పక్కన పంపుండేది. అదేదీ?"

"ఈ ఆటలో పంపులు లేవండీ అత్తయ్యగారూ. చెట్టుంది. చెట్టు పెట్టనా?"

"చెట్టు కింద బిందె పెడితే నీళ్ళొస్తాయా? సరే, పెట్టండి. నేను పంపనుకుంటాను."

అలా మూడేళ్ళలో ముప్పై గుమ్మాలూ లేచాయి. టైలరు, గడియారాల రిపేరు, అయిదో గుమ్మంలో మంత్రసాని, మూలమీద గొడవపడే అన్నదమ్ముల సైకిలు కొట్టు. అన్నదమ్ములకి మధ్య గోడ కట్టేదాకా ఆవిడ ఊరుకోలేదు. ఆవిడ గుమ్మం దాటి వెళ్ళే వీధి అదొక్కటే.

కానీ ఆ వీధిలోకి పోవాలంటే ప్రతిసారీ ఒక గేటు. ఆట తెరవగానే నల్లటి తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. మాన్యువల్ ఫలానా పేజీ అడుగున ఉన్న నంబరెంత? దొంగ డిస్కు కొన్నవాడి దగ్గర మాన్యువల్ ఉండదట, అందుకని. మరి మాన్యువల్‌నే జిరాక్సు తీస్తే? దానికీ మందు వేశారు. ప్రతి పేజీ అడుగునా అరవేలి వెడల్పు ముదురు ఎరుపు పట్టీ, దాని మీద నల్ల అంకెలు. జిరాక్సు తీస్తే మొత్తం నల్లగా వస్తుంది. మామూలుగా చదివినా దాదాపు అంతే. మాస్టారు కీబోర్డు దగ్గర కూర్చుంటే అత్తగారు భూతద్దం పట్టుకుని, పుస్తకాన్ని ట్యూబులైటు కిందికి ఎత్తి, నుదురు ముడేసి అంకెలు చదివేవారు.

"మన ఇంటికి మనం పోవడానికి మధ్యలో వీడెవడండీ, మా తాత పేరడుగుతాడు?"

"దొంగలు రాకుండానండీ."

"దొంగలు గేటు దగ్గర నిలబడి తాత పేరు చెప్తారా ఎక్కడైనా? గోడ దూకుతారు."

తప్పు చెబితే అదే పేజీ మళ్ళీ అడుగుతుంది. సరైన జవాబు వచ్చేదాకా, కంప్యూటరు ఆపి పెట్టినా సరే, అదే పేజీ. వరసగా మూడు తప్పులైతే దాచుకున్న ఊరిని చెరిపేస్తుంది. ఈ సంగతి మాన్యువల్ మూడో పేజీలో, కొన్నందుకు ధన్యవాదాలు చెప్పిన వాక్యం కిందే, చిన్న అక్షరాల్లో ఉంది.

మూడేళ్ళు రోజుకోసారి ట్యూబులైటు కిందికి ఎత్తితే పిన్నులు కొట్టిన పుస్తకం ఎన్నాళ్ళుంటుంది? పిన్నులు తుప్పుపట్టాయి. నడిమి కాగితం ఊడి చేతికొచ్చింది. అంచులు పిల్లి గీరినట్టయ్యాయి, అడుగున వేళ్ళు తగిలి జిడ్డు పట్టాయి. ఒకరోజు మాస్టారు దాన్ని సంచిలో పెట్టుకుని కొట్టుకి తీసుకెళ్ళారు.

ఆ రోజు ఇంకే పనీ ముట్టుకోలేదు. పిన్నులు పీకారు. మడతల్లో చిరిగినచోటల్లా పల్చటి కాగితం అతికించారు. దారానికి మైనం రాసి అయిదు రంధ్రాల కుట్టు వేశారు. పెద్ద ఆఫీసు రిజిస్టరు కోసం దాచిన ముదురు నీలం కాలికో చింపారు. ఇక అట్ట ఎక్కించేముందు పుస్తకాన్ని మిషనులో పెట్టి చక్రం తిప్పారు. మిషనులో బిగించాక పుస్తకానికి పేజీలుండవు, అంచులే ఉంటాయి. ముందంచు చిరిగి ఉంది, కోశారు. తలంచు సర్దారు. అడుగంచు అన్నిటికంటే మురికిగా ఉంది. మురికి కనిపించినంత మేరా పోయేలా కత్తి దింపారు. నలభై ఏళ్ళ చెయ్యి. గీత గీసినట్టు తెగింది. ఎర్రటి పేలికలు బుట్టలో పడ్డాయి. సాయంత్రం పాతకాగితాలవాడు వచ్చి బుట్ట గోనెలో ఒంపుకుపోయాడు.

ఇంటికి తెచ్చి అత్తగారి చేతికిచ్చారు. ఆవిడ నీలం అట్టని చెంగుతో తుడిచి చూసుకున్నారు.

"పంచాంగం కంటే బావుంది," అన్నారు.

ఆట తెరిచారు. యాభైరెండో పేజీ నంబరెంత?

అత్తగారు పేజీ తిప్పారు. భూతద్దం పెట్టారు. తీశారు. తుడిచి మళ్ళీ పెట్టారు.

"అల్లుడుగారూ, నా కళ్ళు పోయాయా, నంబరే పోయిందా?"

మాస్టారు పుస్తకం అందుకున్నారు. బొమ్మ కింద అరవేలి మేర తెల్లకాగితం, ఆ తర్వాత గాలి. యాభైమూడు చూశారు. డెబ్భై చూశారు. చివరిదాకా ఒక్క పేజీకీ ఎర్రపట్టీ లేదు. కోత మాత్రం అద్దంలా ఉంది.

"అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని మా అమ్మ అనేది," అన్నారు అత్తగారు. "నోట్లోనే అనుకున్నాను. చేతిలో కూడా ఉంటుందన్నమాట."

భార్య వంటగదిలోంచి వచ్చింది. ఆ పేజీ పోయిన నెల తనే చదివానంది, నాలుగుతో మొదలవుతుందంది. గుర్తున్నంతవరకు చెప్పింది. తప్పు. చివరి రెండంకెలూ తారుమారు చేసి చెప్పింది. తప్పు. తెర మీద హెచ్చరిక వచ్చింది. ఇంకొక్క తప్పు జవాబిస్తే ఈ ప్రతి దొంగ ప్రతిగా పరిగణించబడుతుంది, దాచిన ఊరు తొలగించబడుతుంది.

మాస్టారు స్విచ్చి కట్టేశారు.

పొద్దున్న పెట్టె మీదున్న నంబరుకి ఫోన్ చేశారు. అరగంట సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"మాన్యువల్ మీ దగ్గర ఉందా సార్?"

"ఉందమ్మా. చేతిలోనే ఉంది."

"అయితే యాభైరెండో పేజీ కింద చూడండి సార్."

"ఆ కింద భాగమే లేదమ్మా."

"చిరిగిపోయిందా సార్?"

"చిరగలేదు, నేనే కోశాను. నేను బైండరుని. బైండింగు అయ్యాక మూడు వైపులా కొయ్యాలి."

"ఎందుకు సార్?"

నలభై ఏళ్ళలో ఆ ప్రశ్న ఆయన్నెవరూ అడగలేదు. "బావుంటుందనమ్మా," అన్నారు. "పెట్టె ఉంది, డిస్కు ఉంది, బిల్లుంది. ఏది పంపమంటే అది పంపుతాను. యాభైరెండో పేజీ ఒక్కటే చెప్పమ్మా."

"బిల్లుంటే మీరు కొన్నట్టు సార్. కానీ మాన్యువల్ ఇప్పుడు మీ దగ్గరే ఉందని రుజువు కావాలి. యాభైరెండో పేజీ అడుగు భాగం స్పష్టంగా కనబడేలా ఫోటో తీసి పంపండి. అది చూసి నంబరు చెప్తాం."

"ఆ భాగం కనబడితే మీకెందుకు ఫోన్ చేస్తానమ్మా?"

"రూలు సార్. దొంగ కాపీల వల్ల. ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

మాస్టారు ఫోన్ పెట్టేశారు.

"ఏమన్నారండీ?" అంది భార్య, ఆఫీసు సంచి భుజానికి తగిలించుకుంటూ.

"తాళంచెవి పోయిందంటే, ఆ తాళంచెవే తెచ్చి చూపించమంటున్నారు. చూపిస్తే తలుపు తీస్తారట."

మూడు రోజులు గడిచాయి. సాయంత్రం అయ్యేసరికి అత్తగారు అలవాటుకొద్దీ కుర్చీ లాక్కుని నల్లటి తెర ముందు కూర్చునేవారు. భూతద్దం తుడిచి ఒళ్ళో పెట్టుకునేవారు.

నాలుగో రోజు తమ్ముడు మెట్ల ఇటువైపుకి వచ్చాడు.

"ఏంటన్నా, జిగురు గిన్నెలో మొహం పెట్టుకుని కూర్చున్నావు?"

మాస్టారు చెప్పారు. తమ్ముడు నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు గానీ ఫలితం లేకపోయింది.

"అన్నా, నా దగ్గర డిస్కు కొన్నవాళ్ళని ఆ ఆట ఒక్క ప్రశ్న అడగదు తెలుసా? ఎవడో పుణ్యాత్ముడు ఆ గేటు పీకేశాడు. కంప్యూటర్లో పెడతారు, ఊళ్ళోకి నడిచిపోతారు. పెట్టె కొని, బిల్లు దాచి, పుస్తకానికి నీలం చొక్కా తొడిగిన నువ్వేమో గుమ్మంలో నిలబడి తాత పేరు చెప్తున్నావు! ఒక డిస్కు ఇస్తాను తీసుకుపో."

"నేను కట్టిన ఊరు నీ డిస్కులో తెరుచుకుంటుందా?"

"తెరుచుకోదు. అసలు ఆటలో దాచింది అసలు ఆటలోనే. కొత్తగా కట్టుకో."

"మూడేళ్ళు పట్టింది తమ్ముడూ. ఆవిడకి ఎనభై రెండు."

తమ్ముడి నవ్వు ఆగింది. గడ్డం గోక్కున్నాడు. మెట్లు చుట్టి తన కొట్లోకి వెళ్ళి, బల్ల కింద ఏదో చాలాసేపు వెతికి, పురికొస కట్టిన కాగితాల కట్ట తెచ్చి కటింగ్ మిషను మీద పెట్టాడు. మాస్టారి మాన్యువల్. జిరాక్సు. ప్రతి పేజీ అడుగునా బొగ్గులాంటి నల్లపట్టీ, దాని పైన ఖాళీలో పెన్సిలుతో అంకెలు.

"రెండేళ్ళ కిందట బొమ్మలు చూసిస్తానని ఒక్కరోజు తీసుకెళ్ళాను గుర్తుందా? మిషనులో పెడితే పట్టీ నల్లగా వచ్చింది. పంతం వచ్చింది అన్నా. నేనూ మా ఆవిడా కూర్చుని, తను టార్చి కొట్టి చదువుతుంటే నేను రాశాను. నా చెయ్యి నొప్పెడితే తను రాసింది. తొంభైఆరూ. చిన్నప్పుడు బళ్ళో కూడా ఇంత రాయలేదు."

"అమ్ముకోవడానికి," అన్నారు మాస్టారు.

"మరి పూజ చేసుకోవడానికా? నెల తిరక్కుండా గేటు పీకిన డిస్కు వచ్చింది. ఇక ఈ కట్ట ఎవడికి కావాలి? పడుంది."

మాస్టారు కట్టవైపు చూశారు, ముట్టుకోలేదు. తన చేతి మీదుగా వెళ్ళిన పుస్తకం. ఒక్కరోజని అడిగితే ఇచ్చింది.

"తీసుకో అన్నా. ఊరికే ఇస్తున్నా. కాకపోతే," తమ్ముడు బోర్డువైపు గడ్డం ఎత్తాడు, "ఇదీ జిరాక్సే. నీ బోర్డు ఒప్పుకుంటుందో లేదో అడుగు."

మాస్టారు కట్టని అక్కడే వదిలేసి పైకెళ్ళారు. అత్తగారికి సంగతంతా చెప్పారు. దొంగ కాపీ అని, బోర్డు కట్టిన నాటి మాట ఒకటుందని, లెక్కల మాస్టారు వేలితో తాకి లెక్కపెట్టారని. ఆవిడ అంతా విన్నారు.

"మన వీధి పడగొట్టినవాళ్ళ చేతిలో అన్నీ అసలు కాగితాలే అల్లుడుగారూ," అన్నారు. "ముద్రలతో సహా. ఒక్కటీ జిరాక్సు కాదు. ఆ దొంగని పిలవండి."

తమ్ముడు కట్ట పట్టుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వేనా దొంగవి?" అన్నారు అత్తగారు. "కూర్చో. కాఫీ తాగుతావా?"

"ముందు ఊరు తెరుచుకోనివ్వండి పెద్దమ్మా."

మాస్టారు ఆట తెరిచారు. హెచ్చరిక, దాని కింద అదే ప్రశ్న. తమ్ముడు యాభైరెండో పేజీ తీశాడు. "నాలుగు. సున్నా. తొమ్మిది." ఆగాడు. కాగితాన్ని దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టి చూశాడు. "ఇది ఒకటా, ఏడా?"

"నీ రాతే కదయ్యా!"

"ఇక్కడికొచ్చేసరికి నా చెయ్యి నొప్పెట్టింది పెద్దమ్మా. ఇది మా ఆవిడ రాత."

మాస్టారు కాగితం లాక్కున్నారు. ముందు పేజీలు, వెనక పేజీలు బల్ల మీద పరిచారు. తమ్ముడి భార్య రాసిన ఒకట్లన్నీ ఏరారు, ఏడులన్నీ ఏరారు. వరసగా పెట్టి చూస్తే ఏడు మెడ ఎప్పుడూ కాస్త వంగి ఉంది, ఒకటి నిటారుగా ఉంది. యాభైరెండులో మెడ వంగింది. అయినా ఆయన వేలు కీబోర్డు మీద దిగలేదు. కోత కోసేముందు ఆ చెయ్యి ఎన్నడూ అంతసేపు ఆగలేదు.

"ఏడు," అన్నారు అత్తగారు. "కొట్టండి. పోతే రెండోసారి పోతుంది. మనకి కొత్తా?"

కొట్టారు.

తెర ఒక్క క్షణం నల్లగానే ఉండి, తర్వాత ఊరొచ్చింది. టైలరు, గడియారాలు, మంత్రసాని, అన్నదమ్ముల మధ్య గోడ. పంపనుకునే చెట్టు. అత్తగారు కుర్చీ ముందుకి జరుపుకుని ఒక్కొక్క గుమ్మమే చూసుకుంటూ వెళ్ళారు. ముప్పయ్యో గుమ్మం దాకా ఎవరూ కదల్లేదు.

"ఆ కొనలో మెట్లు పెట్టి, వాటి కింద ఇతనికో కొట్టు పెట్టండి," అన్నారు చివరికి. "గుమ్మం ఇటు తిప్పండి. మన కంటి ముందుండాలి."

మర్నాడు మాస్టారు కొట్టు తెరుస్తూనే బోర్డు దింపారు. దుమ్ము దులిపారు. అట్ట ఇంకా గట్టిగానే ఉంది, ఎన్ని వానలు చూసినా వంగలేదు. దాన్ని సరిగ్గా సగానికి కోసి, రెండు ముక్కలూ జిరాక్సు కట్టకి ముందొకటి, వెనకొకటి పెట్టారు. అక్షరాలు లోపలికి తిప్పి, మిగిలిన నీలం కాలికో తొడిగారు. కుట్టు అయ్యాక మిషను వైపు చూశారు. చక్రం తిప్పలేదు.

తమ్ముడు వచ్చి పుస్తకం తీసుకుని తిరగేశాడు. కాగితాలు ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, అంచులన్నీ మెట్లు మెట్లుగా ఉన్నాయి.

"ఏంటన్నా, దీనికి తల దువ్వలేదు?"

"దువ్వితే దొంగంటారు," అన్నారు మాస్టారు.